ఏడు రాళ్ల దుద్దులు శ్రావణానికి రావు

శ్రావణానికని మా కొట్టులో వజ్రాల దుద్దులకు ఆర్డరిచ్చినవాళ్లను రేపు, ఎల్లుండి అంటూ తిప్పుకోవడం నాకు చేతకాదు. దసరాకి ఇస్తాను. ఆగలేమంటే అడ్వాన్సు మొత్తం తీసుకెళ్లండి, మొహమాటం వద్దు.

నాన్నగారి రోజుల నుంచి మాకు రాళ్లు ఇస్తున్న సూరత్ వ్యాపారి ఈసారి పంపిన పొట్లంలో సీవీడీ రాళ్లు, అంటే ల్యాబ్‌లో వాయువు నుంచి పెంచిన వజ్రాలు, కలిశాయి. పెన్నులాంటి టెస్టర్ వాటికీ వజ్రమనే కూస్తుంది, అవీ కార్బనే మరి. స్క్రీనింగ్ మెషిన్‌లో పెడితే చాలా రాళ్లలో నైట్రోజన్ జాడ లేదు. భూమిలో పుట్టిన వజ్రాల్లో నూటికి 95కు పైగా వాటిలో అది ఉంటుంది. లేనివీ ఉంటాయి, మన కోహినూర్ ఆ కోవదే. కానీ 5 సెంట్ల (10 మిల్లీగ్రాముల) రాళ్ల పొట్లంలో అన్ని కోహినూర్లా? ముంబైలో పరీక్షలు చేసే ల్యాబ్‌కి పంపితే అవి పెంచిన రాళ్లేనన్న అనుమానం నిజమని తేలింది.

ఫోన్ చేస్తే ఆ సూరత్ వ్యాపారి అన్నది: "ఎలాగూ రాయి వెనక మూసేసే క్లోజ్ సెట్టింగే కదా, వెనక ఎవరు చూస్తారు?"

మెషిన్ పాస్ చేసినవి ఏరుకుని సగం ఆర్డర్లయినా పూర్తి చేద్దామన్నాడు మా అబ్బాయి. లెక్కప్రకారం వాడిదే రైటు. పండగ సీజన్, బయట అప్పు, కార్ఖానాలో ఖాళీగా కూర్చున్న పనివాళ్లు. నిద్రపట్టలేదు. కానీ మా కొట్టులో ఎవరూ చూడరని ఆయన ఇన్నేళ్లూ అనుకుంటున్నాడన్న మాట! ఆ చేతి రాయి ఒక్కటీ వద్దనిపించింది. మంచివాటితో సహా పొట్లం తిప్పి పంపేశాను. మొండితనమంటారా, అనండి.

ల్యాబ్ వజ్రం నకిలీ కాదు, ధర చాలా తక్కువ. కావాలంటే బిల్లు మీద ఆ మాట రాసిచ్చేవాళ్ల దగ్గర కొనుక్కోండి. మార్చుకునేటప్పుడు ఏపాటి వస్తుందో ముందే అడగండి. నేను మాత్రం పెట్టను.

ఇకమీదట రాళ్లు పొదగకముందే మీకు చూపిస్తాం. తెల్ల కాగితం మడతలో బోర్లించి పక్కనుంచి చూడండి, పసుపు ఛాయ ఉంటే అక్కడ తెలుస్తుంది. క్లోజ్ సెట్టింగ్‌లో పడ్డాక అది దాక్కుంటుంది. 10 మిల్లీగ్రాముల రాయికి విడిగా సర్టిఫికెట్ గిట్టుబాటు కాదు, అందుకే ఈ తంతు. పెద్ద రాయి కొంటే నడుము అంచున లేజర్‌తో చెక్కిన నంబరు సర్టిఫికెట్‌తో కలుస్తోందో లేదో లూపులో, అంటే మా చిన్న భూతద్దంలో, మీరే చదువుకోండి.

పాత దుద్దులు చూపించుకోవాలనుకుంటే తీసుకురండి. రాళ్లు విప్పి మళ్లీ బిగించే కూలి మాదే. శుక్రవారం మాత్రం వద్దు, మెషిన్ చూసే కుర్రాడు ఆ రోజు కౌంటర్‌లో ఉంటాడు.