గనుల్లో వృథా అయ్యే గాలి సంగతి ఎవరికీ పట్టదా?

సంపాదకులు గారికి,

డిసెంబర్ 14న ఇంధన పొదుపు దినోత్సవం పేరుతో బీచ్ రోడ్డులో జరిగిన ర్యాలీ వార్త మీ పేపర్లో ఫొటోతో సహా చూశాను. లైట్లు ఆపండి, ఫ్యాన్లు ఆపండి అని పిల్లలు ప్లకార్డులు పట్టుకున్నారు, మంచిదే. కానీ మాట్లాడిన పెద్దల్లో ఒక్కరూ పరిశ్రమల ఊసెత్తలేదు, అందులోనూ గనుల్లో కంప్రెసర్లు, అంటే గాలిని నొక్కిపట్టి పైపుల్లో పంపి డ్రిల్లులు నడిపించే యంత్రాలు, లాగేసే కరెంటు ఊసు అసలే లేదు. నా ఉద్యోగమంతా గనుల్లో కంప్రెసర్ల దగ్గరే గడిచింది, అందుకే చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

కంప్రెసర్‌కి ఇచ్చిన కరెంటులో మహా అయితే పది పదిహేను శాతం పనికొస్తుంది, మిగతాదంతా వేడి కింద పోతుంది. అంత ఖరీదైన గాలిలో మళ్లీ 20 నుంచి 30 శాతం, పట్టించుకోని లైన్లలో లీకుల పాలే. 7 బార్ (గాలి ఒత్తిడి కొలత) ప్రెషర్ దగ్గర 3 మిల్లీమీటర్ల చిల్లు చాలు, దాదాపు 3 కిలోవాట్లు పోతాయి. రాత్రీ పగలూ నడిచే లైనైతే ఏడాదికి పాతిక వేల యూనిట్ల పైమాటే.

భూగర్భ గనిలో ఇది మరీ ఘోరం. కంప్రెసర్ ఎక్కడో పైన, డ్రిల్లు కొట్టే ఫేస్, అంటే తవ్వకం జరిగే చోటు, ఎక్కడో లోపల. ఫేస్ ముందుకి జరిగే కొద్దీ పైపులు కలుపుకుంటూ పోతారు గానీ, పని అయిపోయిన గ్యాలరీలోకి (సొరంగంలోకి) వెళ్లే బ్రాంచి లైను వాల్వు కట్టేసే నాథుడు ఉండడు. నేను చేసిన ఒక గనిలో హోస్ జాయింట్లకి క్లాంపులు ఉండేవి కావు, ట్యూబు ముక్క చుట్టి పైన బైండింగ్ వైరు బిగించేవాళ్లం, ఒక షిఫ్టు గడవకుండానే మళ్లీ బుస్సుమనేది. క్లాంపులడిగితే ఇండెంట్ (సామాను కావాలనే కాగితం) పెట్టమంటారు, ఇండెంట్ పెడితే సంతకం రాదు. ప్రెషర్ చాలట్లేదని డ్రిల్లర్లు గోల పెడితే, లీకు ఆపడం మానేసి పైన కంప్రెసర్ సెట్టింగ్ పెంచేవారు! ఒక్క బార్ పెంచితే కరెంటు ఆరేడు శాతం ఎక్కువ లాగుతుంది, ఆ లీకులోంచి గాలి ఇంకా జోరుగా పోతుంది. ఇది చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. ట్రాక్టర్ కంప్రెసర్లతో నడిచే క్వారీల్లోనూ ఇదే తంతు, అక్కడ కాలేది డీజిల్.

2001లోనే ఇంధన పొదుపు చట్టం వచ్చింది, 2002లో దాని కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టారు, కరెంటు ఎక్కడ వృథా అవుతోందో లెక్క తీసే ఎనర్జీ ఆడిటర్లున్నారు. ఏం లాభం? నేను చూసిన ఆడిట్ రిపోర్టులు బీరువా దాటి రాలేదు. అధికారులంతా ఇలాగే తయారయ్యారు. మా గాజువాకలో మా వీధి దీపాలు పొద్దున పదింటికీ వెలుగుతుంటాయి, ఫోన్ చేస్తే మా సెక్షన్ కాదంటారు. కరెంటు బిల్లులో ట్రూ అప్ ఛార్జీలు (పాత ఖర్చుల తేడా) వేయడానికి మాత్రం ఏ సెక్షనూ అడ్డం రాదు.

లీకు ఎంతో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పని లేని రోజు డ్రిల్లులన్నీ ఆపేసి, కంప్రెసర్ ఒక్కటే నడిపి, ఎంతసేపు లోడ్‌లో ఉంది (గాలి నింపుతోంది), ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉంది (ఊరికే తిరుగుతోంది) గడియారం పెట్టి చూడాలి. లోడ్ మూడు నిమిషాలు, అన్‌లోడ్ ఏడు నిమిషాలైతే 30 శాతం గాలి పోతున్నట్టే. ఏ ఫిట్టర్ అయినా చేసే పని ఇది. నెలకోసారి ప్రతి గనిలో ఈ పరీక్ష చేసి ఆ అంకె నోటీసు బోర్డు మీద రాయాలని ఉత్తర్వు ఇవ్వాలి, కంప్రెసర్ హౌస్‌కి విడిగా కరెంటు మీటరు పెట్టాలి, మేనేజర్‌ని ఎన్ని టన్నులు తీశావని అడిగేటప్పుడే టన్నుకి ఎన్ని యూనిట్లు అయ్యాయో కూడా అడగాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కంప్రెసర్ ఫోర్‌మన్,
గాజువాక, విశాఖపట్నం