డ్రిస్ చేసింది ఉద్యోగమే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఫ్రెంచ్ సినిమా 'ది ఇన్‌టచబుల్స్' గురించి వచ్చిన వ్యాసం చదివాను. 2011 నవంబరులో విడుదలైన ఈ సినిమాని ఒక్క ఫ్రాన్స్‌లోనే కోటీ తొంభై లక్షల మందికి పైగా థియేటర్లలో చూశారు. 2016లో తెలుగులో 'ఊపిరి'గా కూడా వచ్చింది కాబట్టి మన పాఠకుల్లో చాలామందికి కథ తెలుసు. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన ధనవంతుడు ఫిలిప్, అతన్ని చూసుకునే పనిలో చేరిన శివారు కుర్రాడు డ్రిస్, వీళ్లిద్దరి స్నేహమే ఆ కథ. వ్యాసకర్త సినిమా మీద ప్రేమతో రాశారు, అది నాకు నచ్చింది. కానీ డ్రిస్ డబ్బు కోసం కాక మనసుతో సేవ చేశాడు కాబట్టే ఆ స్నేహం కుదిరిందని ఆయన తేల్చేశారు. ఈ ఒక్క మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. మెడ దగ్గరో నడుము దగ్గరో వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల దగ్గరే నా సర్వీసు చాలావరకు గడిచింది. అందుకని ఈ సినిమాలో అందరూ నవ్వే సీన్ల దగ్గర నా చూపు వేరేవాటి మీదకి పోతుంది.

మొదటి సంగతి, డ్రిస్ ఆ ఇంటికి సేవ చేయడానికి రాలేదు. ఉద్యోగం కోసం తిరుగుతున్నట్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే నిరుద్యోగ భృతి వస్తుంది, ఆ సంతకం కోసం వచ్చాడు. ఫిలిప్ అతన్ని ట్రయల్ మీద పెట్టుకుంటాడు, రెండు వారాలు కూడా ఉండలేవని పందెం కాస్తాడు. డ్రిస్‌కి ఆ ఇంట్లో సొంత గది, అందులో సొంత స్నానాల తొట్టి దొరుకుతాయి. పారిస్ శివారులో పిల్లలతో కిక్కిరిసిన వాళ్ల ఫ్లాట్‌ని దర్శకులు ఒలివియే నకాష్, ఎరిక్ తొలెదానో అంతకుముందే చూపించారు. ఆ ఫ్లాట్ బాత్‌రూమ్‌లో ప్రశాంతంగా నీళ్లు పోసుకోవడం కూడా కుదరదు. కాబట్టి జీతమూ గదీ ఈ కథలో చిన్న విషయాలు కావు. అవే లేకపోతే ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు రెండోసారి చూసేవాళ్లు కాదు.

ఇక పని సంగతి. మొదటి రోజుల్లో డ్రిస్ చేసే పొరపాట్లు చూడండి. కాళ్లకి రాసే క్రీముతో తల రుద్దుతాడు. బిగుతు మేజోళ్లు తొడగమంటే తొడగనంటాడు. అవి ఆడవాళ్ల సాక్సుల్లా ఉన్నాయని అతని గొడవ, హాల్లో అందరూ నవ్వుతారు. కానీ కాళ్ల కండరాలు పనిచేయని మనిషికి రక్తం కిందికి దిగి నిలిచిపోతుంది, కూర్చోబెట్టగానే బీపీ పడిపోతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంటుంది. ఆ మేజోళ్లు అందుకే. మరో సీన్‌లో టీ వొలికి ఫిలిప్ కాలి మీద పడుతుంది, అతను కదలడు. డ్రిస్‌కి ఆశ్చర్యం వేసి, నిజంగానే తెలియడం లేదా అని మళ్లీ పోస్తాడు. ఆ సీను నేను నవ్వుతూ చూడలేను. నొప్పి తెలియకపోయినా చర్మం కాలుతుంది. స్పర్శ లేని చోట అయిన పుండు మానడానికి నెలలు పడుతుంది, కొందరిని మళ్లీ ఆసుపత్రి మంచం ఎక్కిస్తుంది. వేడి వస్తువులు ఒంటికి తగలకుండా చూడమని ఇంట్లోవాళ్లకి మేం చెప్పే జాగ్రత్తల్లో అది ముందుంటుంది.

ఈ సీన్లు తప్పని నేను అనడం లేదు. పని రానివాడు పని నేర్చుకుంటున్నాడని దర్శకులు చూపిస్తున్నారు. నెమ్మదిగా డ్రిస్ చేతులు కుదురుకుంటాయి. మంచం మీంచి కుర్చీలోకి ఎత్తి కూర్చోబెట్టడం, తల జారిపోకుండా పట్టుకోవడం, చెంచాతో నోటికి అందించేటప్పుడు ఎదుటివాడు మింగేదాకా ఆగడం, ఇవన్నీ మాటల్లేకుండా వెనకాల జరిగిపోతుంటాయి. డ్రిస్‌గా వేసిన ఒమార్ సీ నటనలో జనం అతని నవ్వునీ డాన్సునీ గుర్తుపెట్టుకున్నారు. 2012లో ఉత్తమ నటుడిగా ఫ్రెంచ్ సినిమాలకిచ్చే సెజార్ అవార్డు కూడా ఇచ్చారు, అది అందుకున్న మొదటి నల్లజాతి నటుడు ఆయనే. నేను మాత్రం ఆయన చేతులకి ఇంకో అవార్డు ఇచ్చేదాన్ని. ఫిలిప్‌గా వేసిన ఫ్రాంస్వా క్లూజే మెడ కింద ఒక్క కండరం కూడా కదల్చకుండా సినిమా అంతా మోశాడు. అదెంత కష్టమో మా వృత్తిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

రాత్రి సీను గురించి వ్యాసకర్త ఒక వాక్యమైనా రాయలేదు. నాకు సినిమాలో ప్రాణం అదే. డ్రిస్ గదిలో పసిపిల్లల కోసం పెట్టుకునే మైకు లాంటిది ఉంటుంది, అందులోంచి ఫిలిప్ ఊపిరి వినిపిస్తుంది. ఊపిరి తేడాగా వినిపించగానే లేచి వెళ్తాడు. ఫిలిప్‌కి చెమటలు, ఆయాసం. స్పర్శ లేని ఒంట్లోంచే నొప్పి పుడుతుంటుంది. డ్రిస్‌కి వైద్యం తెలియదు. తడిబట్టతో ముఖం తుడుస్తాడు, పక్కన ఉంటాడు, చివరికి గాలి పీల్చుకోవడానికని తెల్లవారుజామున సేన్ నది ఒడ్డుకి తీసుకెళ్తాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల దగ్గర పడుకునే ప్రతి అటెండెంటూ ఇలా ఒక చెవి తెరిచి పెట్టుకునే నిద్రపోతారు. యూరిన్ పైపు మెలిపడి మూత్రసంచి నిండిపోయినా చాలు, ఒక్కసారిగా బీపీ పెరిగిపోయి తల పగిలేంత నొప్పి వస్తుంది. వెంటనే లేపి కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, పైపు సరిచూడాలి. ఆలస్యమైతే ప్రాణం మీదకి వస్తుంది. రెండు మూడు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టకపోతే పడక పుళ్లు పడతాయి. ఇవన్నీ జీతానికి చేసే పనులు. జీతానికి చేస్తున్నారు కాబట్టి మనసు లేదనుకోవడం ఎంత తప్పో, మనసు ఉంది కాబట్టి జీతం సంగతి ఎత్తకూడదనుకోవడమూ అంతే తప్పు.

ఆ రెండో తప్పు నేను చాలా చూశాను. "మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అంటారు, ఆ ఇంటి మనిషికి సెలవు రోజు ఉండదు. ఫ్రాన్స్‌లో కూడా ఈ పని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, వలస కుటుంబాల నుంచి వచ్చినవాళ్లూ చాలామంది. సేవ అనే పేరు పెట్టి గౌరవించామనుకుంటాం, ఆ పేరు వచ్చాక జీతం పెంచమని అడగడానికి వాళ్లకే నోరు రాదు.

ఫిలిప్‌కి డ్రిస్ ఎందుకు నచ్చాడో కూడా వ్యాసంలో సరిగా రాలేదు. శివారు కుర్రాళ్లకి జాలి ఉండదు, జాగ్రత్త అని ఫిలిప్ దగ్గరివాళ్లలో ఒకరు హెచ్చరిస్తారు. తనకి కావలసింది అదేనంటాడు ఫిలిప్. ఫోన్ మోగితే డ్రిస్ దాన్ని ఫిలిప్ వైపు చాపుతాడు, అతను పట్టుకోలేడన్న సంగతే మరిచిపోతాడు. జాలిపడేవాడు ఆ సంగతి ఒక్క క్షణం కూడా మరిచిపోలేడు. కుర్చీతో సహా వ్యాన్ వెనక ఎక్కించడం డ్రిస్‌కి నచ్చదు, పక్కనే నిలిపి ఉన్న మజెరాటి కారు ముందు సీట్లో కూర్చోబెడతాడు. పేషెంట్లు నాతో విసుగ్గా చెప్పే సంగతీ ఇదే. వచ్చినవాళ్లు తమతో కాక తమ కుర్చీతో మాట్లాడి వెళ్తారట.

డ్రిస్ వెళ్లిపోయాక వచ్చే సీన్లకి వద్దాం. ఇంట్లో సమస్య వచ్చి అతను వెళ్లాల్సి వస్తే, ఇది జీవితాంతం చేసే పని కాదని ఫిలిప్ తనే పంపించేస్తాడు. తర్వాత వచ్చినవాళ్లకి పనిలో నైపుణ్యం తక్కువేమీ కాదు, డ్రిస్ కన్నా ఎక్కువే ఉండొచ్చు. అయినా ఫిలిప్ గడ్డం పెంచుకుని, తిండి మీదా మనుషుల మీదా మనసు పోగొట్టుకుంటాడు. వ్యాసకర్త దీన్ని స్నేహం గొప్పతనంగా రాశారు. నాకది భయం కలిగించే భాగం. ఒక్క మనిషి వెళ్లిపోతే కూలిపోయే ఏర్పాటు మంచి ఏర్పాటు కాదు. ఫిలిప్ ధనవంతుడు, ఎంతమందినైనా మార్చి చూడగలడు, కావాలంటే డ్రిస్‌ని మళ్లీ పిలిపించుకోగలడు. మిగతావాళ్ల కోసం చట్టం ఉండాలి. ఫ్రాన్స్‌లో 2005 ఫిబ్రవరి 11 చట్టంతో ఒక భృతి మొదలైంది. సాయం చేసే మనిషికి జీతం ఇచ్చుకోవడానికి అది పనికొస్తుంది, కొన్ని షరతుల మీద ఇంట్లోవాళ్లే చూసుకుంటున్నా పరిహారం ఇస్తారు. అది అన్నిటికీ చాలుతుందని కాదు. కనీసం సాయం అనేది హక్కు అన్న ఆలోచన అందులో ఉంది.

ఈ సినిమా మీద విమర్శ కూడా వచ్చింది. ధనవంతుడైన తెల్లాయన చిత్రకళ, సంగీతం నేర్పితే నల్లజాతి కుర్రాడు డాన్సు నేర్పుతాడా అని అమెరికాలో కొందరు గట్టిగా అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. నిజ జీవితంలో ఆ కుర్రాడు అల్జీరియాలో పుట్టిన అబ్దెల్ సెల్లూ, సినిమాకోసం సెనెగల్ మూలాలున్న డ్రిస్‌గా మార్చారు. అసలు ఫిలిప్ పేరు ఫిలిప్ పొజ్జో ది బోర్గో. 1993లో పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది భాగమంతా చచ్చుబడింది. సినిమాలో భార్య ముందే చనిపోయి ఉంటుంది. నిజానికి ఆయన భార్య బియాత్రిస్ క్యాన్సర్‌తో 1996లో పోయారు, అబ్దెల్ అప్పటికే ఆ ఇంట్లో పనిలో ఉన్నాడు. ఒక మంచం దగ్గర ఉద్యోగానికి వచ్చిన కుర్రాడు ఆ ఇంటి చావుని కూడా చూశాడు. దీన్ని సినిమాలోంచి తీసేయడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

పొజ్జో ది బోర్గో 2023లో మొరాకోలో కన్నుమూశారు. సినిమా లాభాల్లో అయిదు శాతం సీమోన్ ద సిరెన్ అనే సంస్థకి వెళ్లింది. వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు కట్టించే సంస్థ అది. మీ వ్యాసంలో బాక్సాఫీసు అంకెలకి ఇచ్చిన చోటులో కొంచెం దీనికి ఇచ్చి ఉంటే బాగుండేది.

మీకు ఒక మనవి. ఇలాంటి సినిమా మీద ఈసారి రాసేటప్పుడు కుర్చీలో ఉన్న మనిషినీ, ఆ కుర్చీ పక్కన జీతానికి పనిచేసే మనిషినీ, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తారో, సెలవు ఎప్పుడు దొరుకుతుందో, నడుము నొప్పికి ఏం చేస్తారో ఆ రెండో మనిషిని అడగండి. మనుషుల్ని ఎత్తీ దించీ వాళ్ల నడుములు ముందే పోతాయి, మా దగ్గరికి పేషెంట్లుగా వచ్చేవాళ్లలో వాళ్లూ ఉంటారు.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్ట్, మీ పాఠకురాలు