టీనేజ్ పిల్లలకు వ్యాక్సింగ్: మా పార్లర్‌లో ఇకపై ఇలా

ఎదిగే పిల్లల్ని వెంటబెట్టుకుని మా పార్లర్‌కు వచ్చే అమ్మలకు ఈ మాట చెప్పాలి. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు వ్యాక్సింగ్ చేసే పద్ధతిని ఈ నెల నుంచి మారుస్తున్నాం. కొంత గిరాకీ తగ్గుతుందని తెలిసే మారుస్తున్నాం.

ముందు పిల్లనే అడుగుతాం, "నీకు కావాలా?" అని. చాలాసార్లు జవాబు అమ్మ దగ్గర నుంచి వస్తుంది. పిల్ల మాత్రం కుర్తా చేతుల్ని మణికట్టు దాకా లాక్కుంటూ కూర్చుంటుంది. అలాంటప్పుడు మేం వ్యాక్స్ వేడి చేయం. యుక్తవయసులో ఆండ్రోజెన్ హార్మోన్లు (మగ హార్మోన్లని పిలిచేవి) ఆడపిల్లల్లోనూ పెరుగుతాయి, నూగు కాస్తా ముదురుతుంది. ఆ వెంట్రుకల్ని తీయకపోతే ఆరోగ్యానికి వచ్చే నష్టమేమీ లేదు. తోటివాళ్లు ఏడిపిస్తున్నారని పిల్లే అడిగితే మాత్రం సంతోషంగా చేస్తాం. ఆ బాధ చిన్నదని నేను అనను.

తర్వాత మందుల సంగతి అడుగుతాం, ఇందులో రాజీ లేదు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడేవాళ్ల చర్మం సున్నితంగా మారుతుంది, పట్టీ లాగితే పైపొర ఊడి రావచ్చు. మాత్రలు ఆపాక 6 నెలలు గడిస్తేనే చేస్తాం. మొటిమలకు వాడే ట్రెటినాయిన్, అడాపలీన్ క్రీములు రాసుకునే చోట కూడా వ్యాక్స్ పెట్టం.

ఇంట్లో రేజర్ చాలనుకుంటే నిక్షేపంగా వాడుకోనివ్వండి. షేవ్ చేస్తే వెంట్రుకలు ఒత్తుగా వస్తాయన్నది అపోహ. సహజంగా సన్నగా ఉండే కొన తెగి మొద్దుబారుతుంది, అందుకే చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. స్నానమయ్యాక, జెల్ రాసి, వెంట్రుకలు పెరిగే వైపుకే గీసుకోవాలి. మీసం మొలుస్తున్న అబ్బాయిలకూ ఇదే వర్తిస్తుంది. నాన్న రేజరో అక్క రేజరో కాదు, ఎవరిది వాళ్లకుండాలి. హెయిర్ రిమూవల్ క్రీమ్ అయితే ముందు రోజే కొంచెం చోట రాసి చూసుకోవాలి.

ఇక జుట్టు. ఈ వయసులో మాడులో జిడ్డెక్కువ ఊరుతుంది. చుండ్రున్న తలకు నూనె దట్టించి రోజుల తరబడి ఉంచితే తగ్గకపోగా పెరగవచ్చు. జిడ్డు కనిపించినప్పుడల్లా తలస్నానం చేయనివ్వండి, జుట్టు ఊడుతుందని టెన్షన్ వద్దు. జుట్టు సాపు చేసే స్మూతెనింగ్ అడగొద్దు. దానికి జుట్టుకు రాసే కొన్ని రకాల మందుల నుంచి, వేడి తగలగానే ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఆవిరిగా వస్తుంది, పిల్లలకు అది చేయం.

గడ్డం మీద, ఛాతీ మీద ముదురు వెంట్రుకలు వస్తూ పీరియడ్స్ కూడా నెలల తరబడి రాకపోతే, మా దగ్గరికి కాదు, ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే సమస్య) లాంటిదేదైనా ఉందేమో చూస్తారు. మేం థ్రెడింగ్ చేస్తూ పోతే పైకి కనిపించేది పోతుందే గానీ కారణం లోపలే ఉండిపోతుంది.

వచ్చేటప్పుడు పాప వాడే మందుల చీటీ తెచ్చుకోండి. అది చూశాకే మొదలుపెడతాం.