ఆ బీరువాలో మా అమ్మాయి చదివే పుస్తకం ఏది?

సంపాదకుడు గారికి,

గ్రంథాలయ వారోత్సవాల ముగింపు సభ గురించి మీ జిల్లా పేజీలో వార్త వచ్చి పది రోజులు దాటింది. ఆ రోజే రాద్దామనుకున్నాను, ఆఫీసులో నెలాఖరు పని మీదపడి కుదరలేదు. కోపం మాత్రం తగ్గలేదు. పిల్లలు ఫోన్లు వదలడం లేదని, తెలుగు పుస్తకం ముట్టుకోవడం లేదని, తల్లిదండ్రులే పట్టించుకోవాలని వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు చెప్పారట. శాలువాలు కప్పుకున్నారు, ఫొటో దిగారు, వెళ్లిపోయారు. పిల్లలకు ఏ పుస్తకం ఇవ్వాలో ఒక్కరూ చెప్పలేదు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఫోన్ చూస్తుంది, కాదనను. అదే పిల్ల దసరా సెలవుల్లో స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న లావుపాటి ఇంగ్లీషు నవల మూడు రోజుల్లో పూర్తి చేసింది. కంచంలో అన్నం ఆరిపోతున్నా పుస్తకం పక్కన పెట్టలేదు. కథంతా నాకు వంటింట్లో నిలబడి చెప్పింది. మంత్రాలు తెలిసిన ఒక పిల్ల, ఎప్పుడో కూలిపోయిన ఒక రాజ్యం, దాని శిథిలాల కింద ఇంకా తిరుగుతున్న యంత్రాలు, వాటిని నడిపే విద్య మరిచిపోయిన మనుషులు. ఏది మంత్రమో ఏది యంత్రమో చివరిదాకా తెలియదు, అందుకే బాగుంది అంది. ఆ తర్వాత, "అమ్మా, ఇలాంటివి తెలుగులో ఉండవా?" అని అడిగింది.

ఆ ప్రశ్న పట్టుకుని శనివారం ఇద్దరం మా పట్టణంలో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లాం. హాల్ నిండా పోటీ పరీక్షల అభ్యర్థులు. వాళ్లను నేను తప్పుపట్టను, ఉద్యోగాల కోసం పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటున్నారు పాపం. పిల్లల విభాగం ఎక్కడ అంటే మూలనున్న రెండు ఇనప బీరువాలు చూపించారు. తాళం వేసి ఉంది. తాళంచెవి అటెండర్ దగ్గర ఉందట, ఆయన సెలవులో ఉన్నాడట. సోమవారం ఆఫీసుకు పర్మిషన్ పెట్టి నేనొక్కదాన్నే మళ్లీ వెళ్లాను. పంచతంత్రం నాలుగు కాపీలు, నీతికథలు, జాతీయ నాయకుల జీవిత చరిత్రలు, ఏడేళ్ల పిల్లలకు పెద్ద అక్షరాల బొమ్మల పుస్తకాలు. ఒక పుస్తకం తీస్తే అట్ట ఊడి చేతిలోకొచ్చింది. లోపల అంటించిన చీటీ మీద ఆఖరి తేదీ ముద్ర చూస్తే, మా అమ్మాయి అప్పటికి పుట్టనే లేదు. పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లలకని ఒక్క పుస్తకం లేదు. నీతికథల తర్వాత ఏకంగా గ్రూప్-2 మెటీరియలే.

తెలుగులో ఇలాంటివి లేవా అంటే, ఎందుకు లేవు? మా నాన్న పాత చందమామలు బైండు చేయించి దాచేవారు, నేను ఎండాకాలం సెలవులన్నీ వాటితోనే గడిపాను. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి అందులో పన్నెండు సాహస సీరియళ్లు రాశారు. కంచుకోట, రాతిరథం అనే పేర్లు వింటేనే ఇప్పటికీ నాకు వాటికి చిత్రకారుడు ‘చిత్ర’ గారు వేసిన బొమ్మలు, ఆ లోయలు, ఆ మాంత్రికులు కళ్లముందుకొస్తారు. ఆ సీరియళ్ల మీద రచయిత పేరు వేసేవారు కాదు. ఎవరు రాశారో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఆయన 2010లో పోయారు, ఆ తర్వాత కొన్నేళ్లకే పత్రికా ఆగిపోయింది. లక్షల మంది తెలుగు పిల్లలకు చదివే అలవాటు చేసిన మనిషి రాసింది ఒక్క పుస్తకం కూడా మా గ్రంథాలయంలో లేదు. అడిగితే పాత పత్రికలు తూకానికి పోయాయన్నారు.

ఇంకో సంగతి చెప్పాలి. మా ఊరి నుంచి బస్సులో రెండు గంటలు వెళ్తే నిజామాబాద్ జిల్లా కోనసముద్రం వస్తుంది. ఒకప్పుడు ప్రపంచమంతా పేరుపొందిన డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు చేసిన ఊళ్లలో అదొకటి. పర్షియా వర్తకులు స్వయంగా అక్కడిదాకా వచ్చి కొనుక్కునేవారు. ఇంగ్లీషువాళ్లు 'ఊట్జ్' అని రాసుకున్న మాట మన ఉక్కే. మా అమ్మాయి సైన్స్ పుస్తకంలో ఉన్న మైకేల్ ఫారడే 1819లో ఈ ఉక్కు రహస్యం తేల్చాలని లండన్‌లో పరీక్షలు చేశాడు. వడ్ల పొట్టు కలిపిన మట్టితో మూస, అంటే ఇనుము కరిగించే చిన్న కుండ చేసి, అందులో ఇనుము పెట్టి, మూత మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. దక్షిణాదిలో కొన్నిచోట్ల ఆ మూసలో తంగేడు కట్టె ముక్కలు, జిల్లేడు ఆకులు కూడా వేసేవారట. తంగేడు, జిల్లేడు వేసి ఉక్కు వండడం మంత్రం కాదా? ఆ కత్తి మీద నీటి అలల్లాంటి గీతలు ఎలా వస్తాయో మొన్నమొన్నటి దాకా అమెరికా ప్రొఫెసర్లు కూడా కొలుములు పెట్టి ప్రయోగాలు చేశారు. ఇక్కడేమో 19వ శతాబ్దంలో ఇంగ్లండు ఉక్కు వచ్చిపడ్డాక కొలుములు ఆరిపోయాయి, ఆ చేతులతో పాటే విద్యా పోయింది.

మూడేళ్ల కిందట బంధువుల పెళ్లికి అటువైపు వెళ్లినప్పుడు పొలం గట్టు మీద పగిలిన మూస ముక్క ఒకటి చూశాను. బయటవైపు నల్లగా గాజులా మెరుస్తోంది, విరిగినచోట కాలిపోయిన పొట్టు ఆనవాళ్లు సన్నటి బెజ్జాల్లా ఉన్నాయి. మా అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఉన్నచోటే పెట్టేసింది. పోయిన విద్య, దాని కోసం సముద్రాలు దాటి వచ్చిన వర్తకులు, బూడిదలో మిగిలిన ముక్క. అన్నీ మన పొలం గట్టు మీదే ఉంటే మన పిల్లలు వాటిని ఎక్కడో ఊహాలోకంలో, ఇంగ్లీషులో చదువుకోవాల్సి వస్తోంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది, పక్కనే పాదరసంతో బంగారం చేశాడని చెప్పుకునే సిద్ధ నాగార్జునుడి కథలు. రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

రాసేవాళ్లు లేరని నేను నమ్మను. రాస్తే వేసేవాళ్లు కావాలి, వేస్తే కొనేవాళ్లు కావాలి. గ్రంథాలయాలు కొంటే చాలు, ఏ ప్రచురణకర్త అయినా ధైర్యం చేస్తాడు. కొనడానికి డబ్బు లేదంటారు. మేం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. వసూలు చేసిన సెస్సు మున్సిపాలిటీలు గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయిలు పెడుతున్నాయని మీ పత్రికలోనే ఎన్నిసార్లు చదివానో. మా దగ్గర ఒక్కరోజు ఆలస్యమైతే వడ్డీ వేస్తారు. వాళ్ల బకాయికి ఎవరు వడ్డీ వేస్తున్నారు?

స్కూళ్ల సంగతి ఇంకా బాధగా ఉంది. తెలంగాణ స్కూళ్లలో తెలుగు తప్పనిసరి అని 2018లో చట్టం చేశారు, సంతోషించాను. కానీ మా అమ్మాయి చదివే స్కూల్లో లైబ్రరీ పీరియడ్ టైంటేబుల్‌లో మాత్రమే ఉంది, ఆ గంటలో లెక్కల టెస్టు పెడతారు. తెలుగంటే ప్రతిపదార్థాలు, మార్కులు, టెన్షన్. ఒక కథ కోసం రాత్రి నిద్ర మానేసే సుఖం తెలుగులో ఆ పిల్లకు ఎవరైనా చూపించారా? చూపించకుండా, చదవడం లేదని సభలు పెట్టి తిట్టడం అన్యాయం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ రెండు బీరువాల తాళం తీసి పుస్తకాలు పిల్లల చేతికి అందేలా బల్లల మీద పెట్టండి. పన్నెండేళ్లు దాటిన పిల్లల కోసం ఒక అర వేరుగా పెట్టండి. పాత సాహస సీరియళ్లు ఎక్కడ దొరికినా తెప్పించండి, కొత్తవి రాసేవాళ్లకు కొంటామని ముందే మాటివ్వండి. మీ ఆదివారం అనుబంధంలో కూడా సినిమా పేజీల్లోంచి ఒక్క పేజీ తీసి, ఈ వయసు పిల్లల కోసం ఒక సీరియల్ మొదలుపెట్టండి.

ఈ ఏడాది నేను కట్టిన ఇంటిపన్ను రసీదు నకలు ఈ లేఖకు జతచేశాను. సెస్సు వరస కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను.

ఇట్లు,
తొమ్మిదో తరగతి పిల్ల తల్లి