రాజీనామా పెట్టే ముందు

లీడ్స్, ఇంగ్లండ్,
ఆదివారం

తమ్ముడూ,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానక్కా" అని పెట్టేస్తున్నావు, అందుకే రాస్తున్నాను. సెలవు రోజంతా మంచం దిగడం లేదనీ, రెండు ముద్దలు తిని కంచం ముందు నుంచి లేచిపోతున్నావనీ అమ్మ చెప్పింది. ఉద్యోగం మానేస్తానన్నావట. ఆ రాజీనామా ఇప్పుడే పెట్టకురా. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకూ డిప్రెషన్ వచ్చింది. అది మొదట బయటపడింది ఆఫీసులోనే. రెండు లైన్ల మెయిల్‌కి జవాబివ్వడానికి పూటంతా పట్టేది. రాసి, చెరిపి, మళ్లీ రాసి, చివరికి డ్రాఫ్ట్‌లోనే వదిలేసేదాన్ని. రోజూ చూసే ఇన్‌వాయిస్‌లే, అంకెలు తలకెక్కేవి కావు. మీటింగులో నా పేరు వినపడితే గుండె దడదడలాడేది. తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది, లేవబుద్ధి అయ్యేది కాదు. నువ్వూ పని తెమలడం లేదంటున్నావని తెలిసినప్పటి నుంచి నాకు అవన్నీ గుర్తొస్తున్నాయి.

ఇక్కడి డాక్టర్ నాతో పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ ఎంత ఉందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, ఏకాగ్రత, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఇలాంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో గుర్తు పెట్టాలి. మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. థైరాయిడ్ తక్కువైనా మనిషి ఇలాగే నీరసించిపోతాడని రక్తపరీక్షా చేయించారు. ఆ తర్వాత మందులు, కౌన్సెలింగ్. మందు గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. బాగుందనిపించినా మనంతట మనం ఆపేయకూడదు.

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా అని. నిన్నూ అదే అడుగుతున్నాను. అనిపిస్తుంటే నా దగ్గర దాచకు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. నేను వెంటనే ఎత్తకపోతే 14416కి చెయ్యి. అది మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆఫీసులో నాకు బాగా పనికొచ్చినవి చిన్న విషయాలే. సెలవు నుంచి తిరిగొచ్చాక మొదట్లో సగం పూటే పని ఇచ్చారు. మా మేనేజర్ ఏ రోజు పని ఆ రోజు కాగితం మీద రాసిచ్చేది. ఒకటి పూర్తయ్యాకే రెండోది. నువ్వూ అలా అడగొచ్చు. టీమ్‌లో అందరికీ చెప్పక్కర్లేదు, డాక్టర్ సర్టిఫికెట్‌తో సిక్ లీవ్ పెట్టు. ఒంటి జబ్బుకిచ్చినట్టే మనసు జబ్బుకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది, నీ పాలసీ ఒకసారి తీసి చూడు.

తప్పంతా నీలోనే ఉందని నేననడం లేదు. రాత్రి పదకొండింటికి కాల్ పెట్టి, పొద్దున్నే మళ్లీ లాగిన్ అవ్వమంటే ఎవరికైనా ఒళ్లు హూనమవుతుంది. తేరుకున్నాక కూడా ఆ ఉద్యోగం వద్దనిపిస్తే మానెయ్, నాన్నకి నేను చెప్తాను.

అమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వు, ఆమె తృప్తి ఆమెది. సైకియాట్రిస్ట్ అపాయింట్‌మెంట్ మాత్రం ఈ వారంలోనే తీసుకో. అక్కడ మాట పెగలదనుకుంటే నీకెలా ఉంటోందో ముందే ఫోన్‌లో రాసిపెట్టుకుని అదే చూపించు. టైమ్ ఖాయం కాగానే మెసేజ్ పెట్టు, ఆ పూట నేను సెలవు పెట్టి ఫోన్ దగ్గరే ఉంటాను.

నీ అక్క