కృతజ్ఞతలు జడ ఇచ్చిన నాకు కాదు, తీయించినవాళ్లకు

పొట్టి జుట్టుతో నా కొత్త ఫోటో చూసి ఫోన్లు చేసినవాళ్లలో సగం మంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏం మొక్కు? వాడపల్లా, తిరుపతా?" మొక్కు కాదండీ. క్యాన్సర్ చికిత్సలో జుట్టు పోయినవాళ్లకు విగ్గులు చేయించే ఒక సంస్థకు నా జడ పంపించాను. దీన్ని త్యాగం అంటున్నవాళ్లకు ఒక మాట. నేను చేసిందల్లా కుర్చీలో కదలకుండా కూర్చోవడమే. పని చేసినవాళ్లు వేరే ఉన్నారు. ఈ కృతజ్ఞతలు వాళ్లకు.

ముందుగా అమలాపురంలో మా పార్లర్ అక్కకు. తలంటుకుని, నూనె చుక్క కూడా రాసుకోకుండా రమ్మంది. కొబ్బరినూనె పెట్టుకోకుండా గడప దాటని కోనసీమలో ఇదేమీ చిన్న షరతు కాదు! కుంకుడు రసంతో రెండోసారి రుద్దితే గానీ జిడ్డు వదల్లేదు. జుట్టు కుదుళ్ల దాకా ఆరిందో లేదో వేళ్లు పెట్టి మరీ చూసింది. తడితో కట్టి పంపితే దారిలోనే బూజు పడుతుంది, ఇక పారేయడమే. తర్వాత ఆరు పాయలు తీసి, ఒక్కో పాయకు పైనా కిందా రబ్బరు బ్యాండ్లు బిగించి, టేపుతో కొలిచి, పై బ్యాండుకు ఎగువన కత్తెర వేసింది. ఒక్క వెంట్రుక నేల మీద పడనివ్వలేదు. కిందపడితే కుదురేదో కొసేదో తెలియక చిక్కుపడుతుంది, విగ్గుకు పనికిరాదు.

సంస్థవాళ్లు అడిగింది కనీసం 12 అంగుళాలు. భుజాల దాకా ఉంచుకుంటే సరిగ్గా అంతే వచ్చేది. అయితే విగ్గు కుట్టేటప్పుడు వెంట్రుకను మడిచి ముడి వేస్తారు కాబట్టి కొంత పొడవు అక్కడే పోతుంది. చెవుల పైకి కత్తిరిస్తే 18 అంగుళాలు వస్తుందని అక్క లెక్క చెప్పింది. "అయితే పైకే కానివ్వు" అన్నాను. అలా వచ్చింది ఈ పిక్సీ కట్. నాకు నడినెత్తిన రెండు సుళ్లున్నాయి (రెండు పెళ్లిళ్లవుతాయని చిన్నప్పటి నుంచీ వేళాకోళం). అక్కడ మరీ పొట్టిగా కోస్తే జుట్టు నిక్కుతుందని వేలెడు ఎక్కువ వదిలి, సుడి తిరిగిన వైపే దువ్వి సరిచేసింది. ఇంతా చేసి డబ్బు తీసుకోలేదు.

తర్వాత మా అత్తయ్యగారికి. రాజోలులో బంధువుల ఇంట గృహప్రవేశానికి ఈ తలతోనే వెళ్లాను. "శుభమా అని పిలిస్తే ఇదేం అవతారం?" అని ఒకావిడ మొదలుపెట్టింది. నేను నోరు విప్పేలోపే అత్తయ్య, "దాని తల, దాని జుట్టు. నువ్వు ఆ పులిహోర ఇటు వడ్డించు" అన్నారు. మళ్లీ ఎవరూ అడగలేదు.

క్యాన్సర్ చికిత్స తీసుకున్న మా బడిలో తోటి టీచరమ్మకు మూడో దండం. కీమో మందు వేగంగా పెరిగే కణాల మీద పడుతుందనీ, జుట్టు కుదుళ్లు అలాంటివే కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుందనీ ఆవిడ వివరించాకే నాకు తెలిసింది. ఆవిడ విగ్గు పెట్టుకోలేదు, చుక్కల స్కార్ఫు కట్టుకుని పాఠాలు చెప్పారు. "నాకు వద్దు. కావాలనుకున్నవాళ్లకు మాత్రం దొరకాలి కదా" అన్నారు. ఒక విగ్గుకు ఒకరి జుట్టు చాలదు, చాలామందిది కలపాలి. అందుకే ఈ పోస్టు పెడుతున్నాను.

నా జడ చూసి, దానికి బదులు స్టీలు క్యాను ఇస్తానన్న, సైకిల్ మీద తిరిగి జుట్టు కొనే వ్యాపారికి కూడా నమస్కారం. బేరం కుదరలేదు.

పాలకొల్లు నుంచి మా మేనకోడలు తనకూ ఇదే కట్ కావాలంటోంది. ముందు టేపుతో కొలుచుకోవే. నువ్వు రంగు వేయించావు కదా, అలాంటి జుట్టు తీసుకుంటారో లేదో సంస్థవాళ్లను అడుగు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. మంగళవారం మాత్రం రాకు, ఆ రోజు అక్క కత్తెర ముట్టుకోదు.