27వ నంబరు లాటు గురించి, ఎగుమతి ఆపడం గురించి మీకు చెప్పాల్సినవి

మా దగ్గర మామిడి గుజ్జు, జామ్, తాండ్ర కొనే అందరికీ నమస్కారం.

ముందు అసలు విషయం చెబుతాను. గత జులైలో మేము తయారు చేసిన 850 గ్రాముల తోతాపురి గుజ్జు డబ్బాల్లో 27వ నంబరు లాటు మీ ఇళ్లకు రాకూడనిది. అందులో ఐరోపా పరిమితికి మించి పురుగుమందు అవశేషం ఉన్నట్టు మాకు నవంబరులో తెలిసింది. అప్పటికే ఆ లాటువి 420 డబ్బాలు తిరుపతి, చిత్తూరు దుకాణాలకు వెళ్లిపోయాయి. వాటిలో 263 వెనక్కి తెప్పించాము. మిగిలిన 157 ఎవరి ఇంట్లో ఉన్నాయో, ఎవరు తినేశారో తెలియదు. దుకాణాల వారికి మర్నాడే ఫోన్లు చేశాము గానీ, మీకు మాత్రం సంక్రాంతి వెళ్లాక ఇప్పుడు చెబుతున్నాను. దుకాణాల అల్మారాల్లో ఉన్నవి తెప్పించేస్తే సరిపోతుంది, అందరికీ చెబితే ఉన్న గిరాకీ కూడా పోతుందని భయపడ్డాము. అది తప్పు. మా ఆయన తరఫున, నా తరఫున క్షమించమని అడుగుతున్నాను.

ఇది ఎలా బయటపడిందో చెప్పాలంటే ఎగుమతి సంగతి చెప్పాలి. ఎందుకంటే మీకు అమ్మేటప్పుడు మేము ఆ పరీక్ష చేయించలేదు. విదేశానికి పంపాల్సి వచ్చినప్పుడే చేయించాము.

2023లో మా చిన్న షెడ్డును పెంచుకోవడానికి పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద అప్పు తీసుకున్నాము. ఇది చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకం. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల రూపాయల దాకా రాయితీ ఇస్తారు. అందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మా ఖర్చు 28 లక్షలు. చేతి నుంచి పెట్టింది 2.8 లక్షలు, మిగతాది బ్యాంకు అప్పు. రాయితీ 9.8 లక్షలు. ఆ డబ్బు చేతికి రాదు. బ్యాంకులో విడిగా ఉంటుంది. మూడేళ్ల పాటు వాయిదాలు సరిగ్గా కట్టి, యూనిట్ నడుస్తూ ఉంటేనే అప్పులో సర్దుతారు. ఈ ఏర్పాటు నాకు నచ్చింది. యంత్రాలు కొని, ఫోటో దిగి, మర్నాడు తాళం వేసేవారికి ఆ డబ్బు అందదు.

ఆ అప్పుతో గుజ్జు తీసే యంత్రం, ఆవిరి కెటిల్, డబ్బాలకు మూతలు బిగించే యంత్రం, మూత వేశాక ఉడికించే రిటార్టు, తాండ్ర ఆరబెట్టే ట్రే డ్రయ్యరు వచ్చాయి. అంతకు ముందు తాండ్ర ఎండలో ఆరేది, మబ్బు పడితే మా గుండె జారేది. ఇప్పుడు ఆ బాధ లేదు. అయితే ఆ ప్రాజెక్టు రిపోర్టును ఇవాళ మళ్లీ తీసి చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. 28 లక్షల లెక్కలో పరీక్షల కోసం ఒక్క రూపాయి కూడా రాయలేదు. నాకు తోచలేదు, ఎవరూ అడగనూ లేదు.

మా యూనిట్లో కాయలు ఏరే పెద్దమ్మ ఒకామె ఉంది. మాగబెట్టిన గదిలోకి వెళ్లి, కాయను తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, ఒకసారి వాసన చూసి, "ఇవి ఇవాళ్టికి, ఇవి రేపటికి" అని బుట్టలు వేరు చేస్తుంది. శిక్షణలో మాకు తీపి కొలిచే పరికరం వాడటం నేర్పించారు. అద్దం మీద రసం చుక్క వేసి, మూత దించి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే నీలం, తెలుపు కలిసే చోట గీత కనిపిస్తుంది. ఆ గీత దగ్గరి అంకె తీపి కొలత, దాన్ని బ్రిక్స్ అంటారు. తోతాపురి గుజ్జుకు 14 బ్రిక్స్ అయినా ఉండాలని కొనేవారు అడుగుతారు. పెద్దమ్మ రేపటికని పక్కన పెట్టిన కాయకు ఆ రోజు 12.5 వచ్చింది. మర్నాడు అదే బుట్టలోంచి తీసిన కాయకు 14.5. ఆ సీజనంతా ఆమె బొటనవేలు, ఆ అద్దం ఒకే మాట చెప్పాయి. దాంతో మా సరుకు మీద మాకు నమ్మకం బాగా పెరిగిపోయింది. తీపి వేలికి తెలుస్తుంది, పులుపు నాలుకకు తెలుస్తుంది. మందు మాత్రం దేనికీ తెలియదు. అంత చిన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

నిరుడు ఒక చెన్నై ఎగుమతి వ్యాపారి ద్వారా ఐరోపాకు 300 పెట్టెలు పంపే అవకాశం వచ్చింది. పెట్టెకు ఆరు డబ్బాలు, డబ్బాకు 3.1 కిలోల గుజ్జు. కొనేవారు పెట్టిన షరతు, సరుకు కంటైనర్ ఎక్కకముందే ప్రతి లాటుకు పురుగుమందుల అవశేషాల పరీక్ష చేయించాలని. నమూనాలు పంపాము. పదకొండు లాటుల రిపోర్టులు వచ్చాయి. పది బాగున్నాయి. 27వ నంబరు లాటు రిపోర్టులో మాత్రం ఒక వరుస పక్కన చుక్క పెట్టి ఉంది. క్లోరోపైరిఫాస్, కిలోకు 0.034 మిల్లీగ్రాములు. ఐరోపాలో దానికి పరిమితి 0.01. వెయ్యి టన్నుల గుజ్జులో పది గ్రాముల మందు ఉంటే ఎంతో, పరిమితి అంత. మాది దానికి మూడు రెట్ల పైన ఉంది. అది తిన్నవారికి వెంటనే ఏదో అవుతుందని ల్యాబు వారు అనలేదు, మిమ్మల్ని భయపెట్టాలని నేను కూడా అనడం లేదు. కానీ ఆ మందును ఐరోపా వారు 2020లోనే తమ పొలాల్లోంచి తీసేశారు. అలాంటి అవశేషమున్న గుజ్జును తెలిసి తెలిసి మీ పిల్లల గిన్నెలో వేయలేను.

"ఇక్కడ ఎవరు అడుగుతారు, లేబులు మార్చి అమ్మేయండి" అని సలహా ఇచ్చినవారు ఉన్నారు. ఆ లాటు ఎగుమతి పెట్టెలు 62. వాటిలోని గుజ్జును, వెనక్కి వచ్చిన 263 చిన్న డబ్బాల గుజ్జును గొయ్యి తీసి పూడ్చేశాము. ఒక్కో డబ్బా కోసి ఒంపుతుంటే పెద్దమ్మ అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోయింది. అన్నం పారబోసినట్టే అనిపించింది.

ఆ కాయ ఎవరి తోటదో రిజిస్టరులో ఉంది. ఎగుమతి కోసమని ఏ తోట కాయ ఏ రోజు వచ్చింది, ఏ లాటులోకి వెళ్లింది అని రాసిపెట్టడం నిరుడే మొదలుపెట్టాము. అది లేకపోతే 300 పెట్టెలూ పారబోయాల్సి వచ్చేది. ఆ రైతు నాకు వరసకు మామయ్య అవుతారు. వెళ్లి అడిగితే కొట్టంలోంచి సీసా తెచ్చి చూపించారు. పిండినల్లి కోసం అంతకు ముందు ఏడాది కొన్న మందు, సగం మిగిలింది. కాయ ముదిరాక మళ్లీ నల్లి కనబడితే అదే కొట్టారు. "కాయ కిలో ఎనిమిదికి అడుగుతుంటే కొత్త మందు ఎక్కడ కొనేది అమ్మాయ్?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2025 వేసవి ఎలా గడిచిందో మీకు తెలుసు. పాత గుజ్జు ఫ్యాక్టరీల్లో పేరుకుపోయి ఉండగానే కొత్త పంట విరగకాసింది. గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, రాష్ట్ర ప్రభుత్వం 4 కలపాలని నిర్ణయమైంది. ఆ 8 కూడా అందని రైతులను నేను చూశాను. తర్వాత కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 1,490.73 రూపాయల ధరతో 1.62 లక్షల టన్నులకు ఒప్పుకుంది. ఖర్చు రెండు ప్రభుత్వాలూ చెరి సగం. మేము కిలోకు 10 ఇచ్చాము, అంతకన్నా ఇవ్వలేకపోయాము. ఆ నాలుగు రూపాయలు ఎన్నో ఇళ్లను నిలబెట్టాయి, అందులో సందేహం లేదు. కానీ అది పడిపోయిన రైతును లేపే సాయం. పడకుండా చూసే సాయం వేరే ఉంది. నిజానికి అది చిత్తూరుకు ఎప్పుడో రావాల్సింది.

2001లో మొదలైన వ్యవసాయ ఎగుమతి మండలాల పథకంలోనే చిత్తూరుకు మామిడి గుజ్జు, కూరగాయల పేరున చోటు దొరికింది. 2018లో వ్యవసాయ ఎగుమతి విధానం వచ్చింది, 2022కల్లా ఎగుమతులను 60 బిలియన్ డాలర్లకు రెట్టింపు చేయాలని అందులో రాశారు. కాగితం మీద మన జిల్లా పాతికేళ్లుగా ఎగుమతి జిల్లాయే. అయినా పూత సమయంలో ఏ మందు కొట్టవచ్చు, ఏది కొట్టకూడదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలి అని తోటకు వెళ్లి చెప్పే మనిషి మామయ్యకు దొరకలేదు. ఆయనకు మందు దుకాణమే సలహా కేంద్రం.

మహారాష్ట్ర ద్రాక్షను చూడండి. 2010లో క్లోర్‌మెక్వాట్ అనే మందు అవశేషం వల్ల మన ద్రాక్ష ఐరోపాలో ఆగిపోయింది. రైతులు, ఎగుమతిదారులు చాలా నష్టపోయారు. ఐరోపాకు పంపే ద్రాక్షకు, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే గ్రేప్‌నెట్ అనే నమోదు వ్యవస్థలో ప్రతి తోట నమోదవుతుంది. కోతకు ముందే ల్యాబు మనుషులు తోటకు వచ్చి నమూనా తీస్తారు. అందులో నెగ్గిన తోట పండే ఓడ ఎక్కుతుంది. అంటే పరీక్ష తోటలోనే మొదలవుతుంది, మా షెడ్డులో కాదు. గుజ్జు కోసం పండించే తోతాపురికీ అలాంటి ఏర్పాటు కావాలి. మా వంటి పది యూనిట్లకు యంత్రాల రాయితీ ఇవ్వడం కంటే, చిత్తూరులో చిన్న రైతు, చిన్న యూనిట్ భరించగల ధరకు పరీక్ష చేసే ఒక ల్యాబు, పూత నెలల్లో తోటల వెంట తిరిగే నలుగురు ఉద్యాన సహాయకులు ఎక్కువ మేలు చేస్తారని నా నమ్మకం. రాయితీ తీసుకున్నదాన్ని కాబట్టే ఈ మాట అంటున్నాను.

దీపావళికి తిరుపతిలో ఒక అక్క జామ్ కొంటూ అడిగారు: "మంచి సరుకు విదేశాలకు పంపి, మిగిలింది మాకు పెడుతున్నారా?" అప్పుడు నేను గట్టిగా కాదన్నాను. కాయ ఒకటే, యంత్రం ఒకటే, చేతులు ఒకటే అన్నాను. నవంబరు రిపోర్టు చూశాక ఆవిడే గుర్తొచ్చారు. కాయ ఒకటే అన్నది నిజం. కానీ వారికి పంపేది పరీక్షించి, మీకు అమ్మేది పరీక్షించకుండా అమ్మాము. ఆ రాయితీ 9.8 లక్షల్లో ఆవిడ కట్టిన పన్ను కూడా ఉంది. అక్కా, ఇది చదువుతుంటే, ఆ రోజు మీకు ఇచ్చిన జవాబు సగమే నిజం.

ఈ సీజను నుంచి పరీక్ష రిపోర్టు రాకుండా ఏ లాటూ గేటు దాటదు, తిరుపతికైనా, ఐరోపాకైనా. నమూనాకు ఖర్చు రానుపోను ఛార్జీలతో కలిపి ఎనిమిది వేల దాకా అవుతోంది. అందుకని 850 గ్రాముల గుజ్జు డబ్బా ధర 8 రూపాయలు పెంచుతున్నాము, అందులో 5 పరీక్షకు, 3 డబ్బా రేకుకు. తాండ్ర ధర మారదు. జామ్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడే ఆ తగ్గింపు మీకు ఇచ్చేశాము, అది అలాగే ఉంటుంది.

ఎగుమతి ఈ ఏడాదికి ఆపాము. మిగిలిన 238 పెట్టెలకు రిపోర్టులు బాగానే ఉన్నా, తోటల దగ్గర పని సరిచేయకుండా మళ్లీ ఒప్పందానికి వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఆ పెట్టెలు హోటళ్లకు, ఐస్‌క్రీం తయారుచేసేవారికి ఇక్కడే అమ్ముతున్నాము, అడిగినవారికి రిపోర్టు నకలు ఇస్తున్నాము. బ్యాంకు వాయిదాలు ఆగలేదు, ఆగవు.

ఇప్పుడు తోటలు నిండుగా పూత మీద ఉన్నాయి. మాకు కాయ వేసే పద్నాలుగు మంది రైతుల దగ్గరికి ఈ నెలలో ఒక్కొక్కరి దగ్గరికి రెండేసి సార్లు వెళ్లాము. కొట్టిన మందు పేరు, తేదీ రాయడానికి తలా ఒక నోటు పుస్తకం ఇచ్చాము. రాసి చూపించినవారికి కిలోకు రూపాయి ఎక్కువ ఇస్తామని మాటిచ్చాము. మామయ్య మొదటి పేజీలో తేనెమంచు పురుగు కోసం కొట్టిన మందు పేరు రాశారు, పక్కన సీసా మీది కాగితం చించి అంటించారు. ఈసారి ఆయన కాయ తీసుకుంటాము.

మీ ఇంట్లో మా గుజ్జు డబ్బా ఉంటే తిరగేసి అడుగు భాగం చూడండి. రెండో వరుసలో టి అక్షరం పక్కన 27 అని ఉంటే వాడకండి. కొన్న దుకాణంలోనే ఇచ్చేయండి. రశీదు లేకపోయినా, మూత తెరిచినా, సగం వాడేసినా మొత్తం డబ్బు ఇస్తారు, దుకాణాల వారికి చెప్పి ఉంచాము. ఇప్పటికే తినేసి ఉంటే ఆ దుకాణం వారికే ఒక మాట చెప్పండి, వారు మాకు తెలియజేస్తారు, నేనే మీకు ఫోన్ చేస్తాను. రిపోర్టు కావాలన్నా పంపుతాను.